సకారం ఎటు జరిగింది

ముందుగా దొరికింది ఒక ‘స’.

శ్రీరంగం గోపాలరత్నం గారి పాత రేడియో రికార్డింగ్ ఒకటి పెట్టుకుని రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను. అది మోనో రికార్డింగ్. రెండు స్పీకర్లకూ వెళ్ళేది ఒకే ధ్వని కాబట్టి గొంతు సరిగ్గా రెండిటికీ మధ్యన, గోడ దగ్గరి పుస్తకాల అల్మరా ముందు నిలబడాలి. నిలబడింది కూడా. కానీ ‘స’ వచ్చినప్పుడల్లా ఆ ఒక్క అక్షరం గొంతును వదిలి ఎడమ పెట్టె వైపు జారి, చెవిని సన్నగా గీరి, మళ్ళీ వచ్చి గొంతులో కలుస్తోంది. ‘మ’కు, ‘ల’కు, ‘ళ’కు కదలికే లేదు. ‘శ’ కొద్దిగా జరుగుతోంది. అన్నిటికన్నా విచిత్రం ‘చ’. ‘చిలుక’ అన్నప్పటి చకారం ఉన్నచోటే ఉంటోంది, ‘చాలా’ అన్నప్పటి చకారం ఎడమకు పోతోంది.

మన పాత పుస్తకాల్లో ఈ రెండు చకారాలకూ తేడా తెలియాలని దంత్యమైన దాని నెత్తిన చిన్న 2 అంకె వేసేవారు. ‘చాలా’, ‘చుక్క’ అనేటప్పుడు నాలుక కొస పై పళ్ళ వెనక తగులుతుంది, దాని వెంటే సకారం లాంటి ఊపిరి వస్తుంది. ఆ ఊపిరి చప్పుడులో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ‘చిలుక’లోని చకారం, ‘శివుడు’లోని శకారం నాలుకను కాస్త వెనక్కి జరిపి పలికేవి. వాటి ఊపిరి రెండున్నర వేల దగ్గరే మొదలవుతుంది. ఎడమ పెట్టెలో ఎక్కడి నుంచి ఎంత పైకి తప్పు ఉందో యంత్రం పెట్టకముందే అక్షరమాల చెప్పేసింది. సుమారు 3,000 పైన, అంటే పై స్వరాలు పలికే ట్వీటర్ అందుకునే చోటు నుంచి పైకంతా, కుడి కన్నా ఎడమ బిగ్గరగా ఉంది.

ఆ పెట్టెల గురించి చెప్పేముందు మా పేట గురించి ఒక మాట. మేముండేది వన్-నార్త్‌లో. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉంటుంది కాబట్టి పేటకు ఆ పేరు. 2001లో మొదలుపెట్టి, జహా హదీద్ గీసిన ప్రణాళిక ప్రకారం జేటీసీ సంస్థ కడుతూ వచ్చింది. బయోపొలిస్‌లో జీవశాస్త్రం, ఫ్యూజనొపొలిస్‌లో ఇంజనీరింగు, మీడియాపొలిస్‌లో మీడియాకార్ప్ వారి స్టూడియోలు. అన్నీ అద్దాల మేడలే. వాటి మధ్యన రోచెస్టర్ పార్క్‌లోనూ వెసెక్స్ ఎస్టేట్‌లోనూ బ్రిటిష్ సైన్యం కాలం నాటి నలుపు తెలుపు ఇళ్ళు చెట్ల కింద అలాగే ఉన్నాయి. సాయంత్రం నడకకు ఆ వైపే వెళ్తాను. చూరులు, కిటికీ రెక్కలు, గాలి ఆడటానికి వదిలిన సందులు చూస్తుంటే కట్టినవాడు ఇక్కడి వాన గురించీ ఉక్క గురించీ తెలుసుకున్నాకే గీత గీశాడని అర్థమవుతుంది. నా బల్ల మీది స్పీకర్లు కూడా బ్రిటన్ నుంచి వచ్చినవే, అలాంటి ఆలోచనతో చేసినవే.

వాటి పేరు ఎల్ఎస్3/5ఎ. బీబీసీ పరిశోధన విభాగం 1970ల మొదటి సగంలో తన అవసరానికి తాను గీసుకున్న చిన్న పెట్టె. ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19, లోతు 16. పేరులో ‘ఎల్ఎస్’ అంటే లౌడ్‌స్పీకర్, ‘3’ అంటే స్టూడియో బయట నుంచి చేసే ప్రసారాలకు పనికొచ్చేది. క్రికెట్ మైదానం పక్కనో చర్చి వెనకనో ఆపిన వ్యానులో ఒక ఇంజనీరు ఇరుక్కుని కూర్చుంటాడు. వ్యాఖ్యాత గొంతు గొంతులా వస్తోందో లేదో అతను అక్కడే తేల్చుకోవాలి. పెద్ద స్పీకరుకు వ్యానులో చోటు లేదు. అందుకని చిన్నది చేశారు. చిన్నదైనంత మాత్రాన అబద్ధం చెప్పకూడదన్నది షరతు. కెఈఎఫ్ కంపెనీ నుంచి రెండు డ్రైవర్లు తీసుకున్నారు, మంద్రానికి బి110 అనే వూఫర్, తారానికి టి27 అనే ట్వీటర్. ఆ కంపెనీ పెట్టిన రేమండ్ కుక్ కూడా ఒకప్పటి బీబీసీ ఇంజనీరే. పెట్టెనూ వడపోతనూ బీబీసీ వాళ్ళు చేశారు. హార్వుడ్, వాటన్, మిల్స్ అనే ముగ్గురి పేర్లతో 1976 అక్టోబరులో దీని మీద నివేదిక వచ్చింది. తయారు చేసి అమ్మే లైసెన్సును రోజర్స్, చార్ట్‌వెల్, స్పెండార్ వంటి కంపెనీలకు ఇచ్చారు.

చివరన ఉన్న ఆ ‘ఎ’ అక్షరం చూడండి. మొదట వచ్చింది ఎల్ఎస్3/5 మాత్రమే. కొద్ది జతలు తయారయ్యాయో లేదో కెఈఎఫ్ వాళ్ళ డ్రైవర్ల స్వభావం మారింది. పెట్టె అదే, డ్రైవర్ల పేర్లు అవే, ధ్వని మాత్రం తప్పింది. సరిపెట్టుకోకుండా వడపోతను మళ్ళీ కట్టి, పేరుకు ‘ఎ’ తగిలించారు. అంటే ఈ స్పీకర్ పేరులోనే ఒక మరమ్మతు ఉంది.

ఇప్పుడు ఆ వడపోత సంగతి. అందరూ క్రాసోవర్ అంటారు, నేనూ అదే అంటాను. డెల్టాలో పెరిగినవాళ్ళకు దీన్ని చెప్పడం తేలిక. పెద్ద కాలువ వస్తుంది, రెండు తూములుంటాయి. ఒక తూము మంద్రాన్ని వూఫరుకు, ఇంకొకటి తారాన్ని ట్వీటరుకు వదులుతుంది. కాయిల్ పై స్వరాలకు అడ్డుపడుతుంది, కెపాసిటర్ కింది స్వరాలకు అడ్డుపడుతుంది. ఈ రెండిటినీ ఎలా కలుపుతామన్న దాన్ని బట్టి తూము తలుపు ఏటవాలుగా దిగుతుందో నిట్టనిలువుగా దిగుతుందో తేలుతుంది. ఎల్ఎస్3/5ఎలో రెండు తూములూ 3,000 హెర్ట్జ్ దగ్గర కలుస్తాయి.

ఆ 3,000 అన్నది మనిషి చెవికి ఆయువుపట్టు. బయటి చెవి నుంచి కర్ణభేరి దాకా ఉన్న గొట్టం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. ఒక కొస మూసి ఉన్న అంత గొట్టం తనంతట తాను మోగేది సుమారు 3,400 హెర్ట్జ్ దగ్గర. పసిపిల్ల ఏడుపు, కిటికీ చువ్వ కీచు, పళ్ళెం మీద చెంచా గీత అన్నీ అందుకే అంత గుచ్చుకుంటాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు, చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది ఈ చుట్టుపక్కలే అని. స్పీకర్‌లో మిగతా ఎక్కడైనా రెండు డెసిబెళ్ళ తప్పుంటే ఓర్చుకుంటాం. ఇక్కడ ఒక్కటి ఎక్కువైనా గంటసేపు వినేసరికి తల పట్టుకుంటాం. మన మెకానిక్కులు ‘మిడ్ కొడుతోంది’ అనేది దీన్నే.

కొట్టడంలోనూ రెండు రకాలున్నాయి. ఇది తెలియక చాలామంది ఒక రోగానికి ఇంకో మందు వేస్తారు. 1,000 నుంచి 1,500 మధ్య ఉబ్బితే గొంతు ముక్కుతో పాడినట్టుంటుంది, నాదస్వరం రేకు డబ్బాలో ఊదినట్టుంటుంది. అది వూఫర్ వైపు జబ్బు. బి110కు ఆ గుణం పుట్టుకతోనే కొంత ఉంది. దాని శంకువు కాగితం కాదు, బెక్‌స్ట్రీన్ అనే ప్లాస్టిక్. దాని మీద పూత పూసి మోత తగ్గిస్తారు. మిగిలిన ఉబ్బును క్రాసోవర్‌లోని కాయిల్, రెసిస్టర్ కలిసి నొక్కి పెడతాయి. రెండో రకం 3,000 పైన. ముక్కు గొంతు ఉండదు, గీర ఉంటుంది. షేక్ చినమౌలానా గారి నాదస్వరంలో మొదటి జబ్బు పట్టుబడుతుంది, ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్‌లో కమాను తీగను తాకే మొదటి క్షణాన రెండోది పట్టుబడుతుంది. నేను చినమౌలానా గారిని పెట్టి చూశాను. రెండు పెట్టెల్లోనూ నాదస్వరం నిండుగా, ఒకేలా ఉంది. ద్వారం వారి కమాను దగ్గర మాత్రం ఎడమ పెట్టె గీరింది.

తీగలు కుడి ఎడమలు మార్చి చూశాను, పెట్టెల చోట్లూ మార్చి చూశాను. గీర పెట్టెతోపాటే వెళ్ళింది. అంటే యాంప్లిఫయర్‌ది కాదు, గదిది కాదు. విప్పక తప్పదు.

కరకుదనానికి జనం చేసే వైద్యాలు నేను చాలా చూశాను. యమహా ఎన్ఎస్-10 అని 1978లో వచ్చిన తెల్ల శంకువు స్పీకర్ ఉంది, ప్రపంచంలో రికార్డింగ్ స్టూడియోలన్నిటికీ పాకింది. గీర ఓర్చుకోలేక దాని ట్వీటర్ మీద పల్చని కాగితం అతికించేవారు. జేబీఎల్ ఎల్100 ముందువైపు రెండు మీటలుండేవి, మిడ్‌కు ఒకటి, ట్వీటరుకు ఒకటి. ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ళు తిప్పుకోవచ్చు. ఇవి పనిచేస్తాయి, కాదనను. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ట్వీటర్ తీగలు తిరగేసి ఊరుకోవడం. కొన్ని రకాల క్రాసోవర్లలో తిరగేసి కలపడమే సరైన పద్ధతి, గీసినవాడే అలా గీస్తాడు. అలా గీయని పెట్టెలో తిరగేస్తే రెండు తూములూ కలిసే చోట వూఫర్ ముందుకు తోస్తుంటే ట్వీటర్ వెనక్కి లాగుతుంది. 3,000 దగ్గర ధ్వని గొయ్యి పడుతుంది. గీర వినపడదు, నిజమే. దాంతోపాటు గొంతులో ఒక ముక్క కూడా పోతుంది. మొదటి రోజు హాయిగా ఉందనిపిస్తుంది. వారం తర్వాత పాట పక్కగదిలోంచి వస్తున్నట్టుంటుంది.

పెట్టె విప్పి, లోపల అతికించిన స్పాంజి పక్కకు తీశాక నాకు చాలాసేపు పని గుర్తు రాలేదు. అంత బాగుంది లోపల. గోడలు 12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్. బరువైన మందపాటి చెక్కే మంచిదని అందరూ అనుకునే రోజుల్లో హార్వుడ్ తిరగేసి ఆలోచించాడు. మందపాటి చెక్క మోగకుండా ఉండదు, కాకపోతే పై స్వరంలో మోగుతుంది, అక్కడ చెవి పట్టేస్తుంది. పల్చని చెక్కకు లోపల తారు పలకలు అతికిస్తే మోత కిందికి దిగుతుంది, త్వరగా చస్తుంది కూడా. మూలల్లో బిగించిన చెక్క బద్దలు బీచ్ చెక్కవి. బీచ్‌కు బదులు పరానా పైన్ వాడిన పెట్టెల్లో తేడా వినపడిందని గుర్తించి, బీచే ఉండాలని పట్టుబట్టారు. మూల బద్ద ఏ చెట్టుదన్నది వినేవాళ్ళు మనుషుల మాట వినడానికి స్పీకర్ చేశారు. ట్వీటర్ చుట్టూ ముందువైపు మందపాటి ఉన్ని పట్టీలు నాలుగు పక్కలా పెట్టారు. ట్వీటర్ నుంచి పక్కకు పాకే ధ్వని పెట్టె అంచుకు కొట్టుకుని ఆలస్యంగా వెనక్కి రాకుండా ఆ ఉన్ని తాగేస్తుంది.

వూఫర్ అంచున ఉన్న మడత నియోప్రీన్ రబ్బరు. ఇక్కడి ఉక్కలో దాని విలువ తెలుస్తుంది. స్పాంజి మడతలున్న పాత స్పీకర్లు సింగపూర్‌లో పదిహేనేళ్ళు కూడా ఉండవు, ముట్టుకుంటే తడి బిస్కెట్‌లా రాలిపోతాయి. ఈ రబ్బరును వేలితో నెమ్మదిగా నొక్కితే ఇంకా లేత కొబ్బరిలా వెనక్కి వస్తోంది.

ఇక బోర్డు. ఈ క్రాసోవర్‌కు బీబీసీ పెట్టిన సంఖ్య ఎఫ్ఎల్6/23. గోధుమరంగు బోర్డు మీద ఇనుప రేకుల గుండెలున్న బరువైన కాయిళ్ళు, పక్కన కెపాసిటర్లు, రెసిస్టర్లు. ఇంత చిన్న స్పీకరుకు ఇంత బోర్డా అనిపిస్తుంది. అప్పట్లో ఇంటి స్పీకర్లలో ట్వీటరుకు ఒక కెపాసిటర్ వేసి పని అయిందనిపించేవారు. ఇక్కడ ప్రతి భాగం ఒక తప్పును దిద్దడానికి ఉంది. ఇది వూఫర్ ఉబ్బుకు, ఇది పెట్టె అంచు వల్ల వచ్చే మార్పుకు, ఇది ట్వీటరుకు మంద్రం తగలకుండా.

అన్నిటిలో నా కన్ను ఆగింది ట్వీటర్ దారిలో ఉన్న కాయిల్ మీద. ఆ ఒక్క కాయిల్‌ది రెండు ఉద్యోగాలు. తూములో అది ఒక భాగం, కెపాసిటర్లతో కలిసి మంద్రాన్ని ఆపుతుంది. అదే కాయిల్ ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కూడా. చుట్ల మధ్యలో అక్కడక్కడా తీగను బయటికి లాగి టాపులు వదిలారు. మన ఇళ్ళలో పాత వోల్టేజి స్టెబిలైజర్ విప్పిన వాళ్ళకు ఇది తెలుసు, ఏ టాప్ నుంచి తీసుకుంటే అంత వోల్టేజి. బోర్డు మీద ఒక పొట్టి తీగ లింకు ఉంది. దాన్ని ఏ టాపుకు కలిపితే ట్వీటరుకు అంత బలం.

ఎందుకిలా? ట్వీటర్లు అన్నీ ఒకేలా పుట్టవు కాబట్టి. టి27లో పలికేది 19 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుమ్మటం, సిగరెట్ పెట్టె రేకు అంత పల్చన. అయస్కాంతం కాస్త బలంగా ఉన్నా, జిగురు చుక్క కాస్త ఎక్కువైనా ఒక డెసిబెల్ అటూ ఇటూ అవుతుంది. ఒక డెసిబెల్ అంటే వోల్టేజిలో నూటికి 12 పాళ్ళు. వూఫరుదీ అదే కథ. కుండలన్నీ ఒకే సారె మీద చేసినా ఒకే కొలత రావు కదా. గీసినవాళ్ళు ఆ తేడాను చూడనట్టు నటించలేదు. ఫ్యాక్టరీలో ప్రతి పెట్టెకూ దాని ట్వీటర్‌నూ వూఫర్‌నూ జోడు చూసి, సరిపోయే టాపుకు లింకు కలిపి, అప్పుడు మూత వేశారు. జేబీఎల్ మీట వాడేవాడి చేతికిచ్చింది, బీబీసీ ఆ మీటను తయారుచేసేవాడి చేతికిచ్చి లోపల దాచింది. ప్రసారం విని తీర్పు చెప్పే స్పీకరుకు ఇదే న్యాయం. వ్యానులో కూర్చున్నవాడు తన మూడ్‌ను బట్టి ధ్వనిని తిప్పుకోకూడదు.

రెసిస్టర్‌తో ఎందుకు తగ్గించలేదన్న ప్రశ్న వస్తుంది. తగ్గించవచ్చు, రెండు వందల రూపాయల పని. రెసిస్టర్ ఎక్కువైన బలాన్ని వేడిగా తగలబెడుతుంది. పైగా ట్వీటర్ నిరోధం అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు, దాని సొంత మోత దగ్గర పెరుగుతుంది. అక్కడ రెసిస్టర్ తక్కువగా అడ్డుపడుతుంది, మిగతా చోట ఎక్కువగా. అందరికీ సమంగా తగ్గించాలనుకున్నది ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ కోస్తుంది. కాయిల్ టాప్ అలా కాదు, వంద చుట్లలో 84వ చుట్టు దగ్గర పట్టుకుంటే అన్ని స్వరాలకూ 84 పాళ్ళే వెళ్తాయి. అంటే ఒకటిన్నర డెసిబెల్ తగ్గుతుంది.

దీనికీ ఒక మెలిక ఉంది. అదే 84వ చుట్టు దగ్గర పట్టుకుంటే 8 ఓమ్‌ల ట్వీటర్ వెనకనున్న కెపాసిటరుకు 11 ఓమ్‌లకు పైగా కనపడుతుంది. తూము తలుపు కాస్త కదులుతుంది. కాబట్టి టాప్ మార్చడం అంటే బిగ్గరతనం ఒక్కటే మార్చడం కాదు. ఒక మెట్టు దిగితే ఫరవాలేదు, గీసినవాళ్ళు దానికి వీలు వదిలారు. ఇంకా బాగుంటుందేమోనని నాలుగు మెట్లు దిగితే వూఫర్, ట్వీటర్ కలిసే చోట అతుకు తెలుస్తుంది.

నా ఎడమ పెట్టె కథ అక్కడే తేలింది. కుడి పెట్టెలో రెండు డ్రైవర్ల చీటీలూ ఒకే వయసువి, ఒకే పసుపు. ఎడమ దాంట్లో వూఫర్ చీటీ పసుపు, ట్వీటర్ చీటీ తెల్లగా కొత్తగా ఉంది. నా కంటే ముందు ఎవరో ఎప్పుడో ట్వీటర్ మార్చారు. ట్వీటర్ తీగలకు వేసిన టంకం ముద్దగా, మసకగా ఉంది, మిగతా బోర్డంతా టంకం చుక్కలు చిన్నవిగా నిగనిగలాడుతున్నాయి. మార్చినవాళ్ళు సరైన టి27నే పెట్టారు. లింకును మాత్రం పాత ట్వీటర్ కోసం పెట్టిన టాపులోనే వదిలేశారు. కొత్తది పాతదానికన్నా చురుకైనది. కోడలు మారినా జాకెట్టు పాత కొలతకే కుట్టించినట్టయింది.

నా ఊహ నిజమో కాదో చూడాలని ఒక మిత్రుడి దగ్గర కొలత మైకు అరువు తెచ్చాను. మైకును ఒక మీటరు దూరాన, రెండు డ్రైవర్ల మధ్య ఎత్తులో నిలబెట్టి, ఒక పెట్టె తర్వాత ఇంకొకటి సరిగ్గా అదే చోట పెట్టి కొలిచాను. పెట్టె వేలెడు పక్కకు జరిగినా ఈ కొలత అబద్ధమవుతుంది. 3,000 హెర్ట్జ్ అల పొడవు పదకొండు సెంటీమీటర్లే మరి. అందుకని నేల మీద పేపర్ టేపుతో గుర్తులు పెట్టుకున్నాను. 2,000 దాకా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. అక్కడి నుంచి విడిపోయి ఎడమ గీత దాదాపు ఒకటిన్నర డెసిబెల్ పైన నడిచింది. గోపాలరత్నం గారి సకారం చెప్పింది సరిగ్గా ఇదే.

టంకం పనికి తొందర పనికిరాదు. ఈ బోర్డుల మీది రాగి పట్టీలు పాతవి, సోల్డరింగ్ ఐరన్ మొన మూడు క్షణాలకు మించి ఆనితే బోర్డు నుంచి పొరలా లేచిపోతాయి. సిమ్ లిమ్ టవర్‌లో కొన్న సీసం, తగరం కలిసిన పాత తరహా టంకమే వాడాను, ఇప్పటి సీసం లేని టంకానికి ఎక్కువ వేడి కావాలి. ముందు పాత ముద్ద మీద కొంచెం కొత్త టంకం పెట్టి కరిగించి, రాగి అల్లిక పట్టీతో రెంటినీ పీల్చేశాను. లింకు ఒక కొస వదులైంది. దాన్ని ఒక మెట్టు దింపి, తీగను రంధ్రంలో కదలకుండా వంచి, మొన ఆనించి, టంకం దానంతట అది పాకే దాకా చూసి తీసేశాను. పాకడం అన్నది చూడాల్సిన దృశ్యం. అప్పటిదాకా పూసలా నిలబడ్డ చుక్క ఒక్కసారిగా తీగ చుట్టూ పల్చగా పరుచుకుని, అంచున మెరుపు గీత వస్తుంది. ఆ గీత వచ్చిందంటే అతుకు పడింది. మార్చింది పొట్టి తీగ ఒక కొస. అంతే. కెపాసిటర్లు కొలిచి చూస్తే అన్నీ తమ విలువకు దగ్గరగా ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. పాత స్పీకర్ చేతికి రాగానే కెపాసిటర్లన్నీ పీకి ఖరీదైనవి వేసేవాళ్ళున్నారు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లయితే ఎండిపోతాయి, మార్చాల్సిందే. బాగున్న వాటిని మార్చి, ధ్వని మారిందని సంతోషించడం నాకు నచ్చదు. మారడం వేరు, కుదరడం వేరు.

మళ్ళీ కొలిస్తే తేడా అర డెసిబెల్ లోపుకు వచ్చింది.

ఈ బి110 వల్లే గీసినవాళ్ళకు తర్వాతి కాలంలో ఇంకో పెద్ద పని పడింది. ఏళ్ళు గడిచేకొద్దీ వూఫర్ తయారీ మెల్లగా జరుగుతూ, పాత క్రాసోవర్ ఇక దాన్ని సర్దలేని స్థితికి వచ్చింది. 1987లో కెఈఎఫ్, బీబీసీ కలిసి క్రాసోవర్‌ను మళ్ళీ గీశారు. అప్పటిదాకా 15 ఓమ్‌లున్న స్పీకర్ 11 ఓమ్‌లు అయింది. అడెల్ఫీ మాల్‌లోని ఆడియో దుకాణాల్లో ‘పదిహేనా, పదకొండా’ అని అడిగితే ఇప్పటికీ అమ్మేవాళ్ళ కళ్ళు వెలుగుతాయి. ఏది గొప్పదన్న వాదనలో నాకు ఆసక్తి తక్కువ. రెండుసార్లూ వాళ్ళు చేసిన పని ఒకటే. డ్రైవర్ మారింది కదా, తీగను దానికి తగ్గట్టు మారుద్దాం అన్నారు. ఈ స్పీకర్ మీద మొదటి నివేదిక వచ్చిన కాలంలోనే సముద్రం అవతల హ్యూలెట్ ప్యాకార్డ్‌లో మైక్రోవేవ్ పరికరాలు గీసే ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు స్పీకర్ల మీద కూర్చున్న సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో క్రాసోవర్ల మీద ఒక వ్యాసం రాశాడు. రెండు డ్రైవర్లు కలిసే చోట ఇద్దరూ ఒక అడుగుతో నడవాలంటే తూముల ఏటవాలు ఎలా ఉండాలో అందులో చూపించాడు. రస్ రైలీతో కలిపి అతని పేరిట పిలిచే పద్ధతి ఇవాళ అన్ని దేశాల్లోనూ వాడుకలో ఉంది. పగలు ఫ్యూజనొపొలిస్ మేడల్లో ఉద్యోగం చేసి రాత్రి టంకం వాసన పీల్చేవాళ్ళకు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

అర్ధరాత్రి దాటాక ఆ రికార్డింగే మళ్ళీ పెట్టాను. మా ఆవిడ నిద్రలేచి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమెకు ట్వీటర్ సంగతి చెప్పలేదు. ‘చాలా’ వచ్చింది, ఉన్నచోటే ఉంది. ‘స’ వచ్చింది, గొంతులోనే పుట్టి గొంతులోనే ఆగింది. కాసేపు విని ఆమె, “ఇందాక ఇద్దరు పాడుతున్నట్టుండేది, ఇప్పుడు ఒక్కరే పాడుతున్నారు” అంది. నేను రాత్రంతా కొలిచింది ఆమె ఆ ఒక్క ముక్కలో చెప్పింది.

మరునాడు పొద్దున్నే మూత వేసేముందు ఒక పెన్సిల్ తీసుకున్నాను. నా ముందు ట్వీటర్ మార్చినవాళ్ళు ఒక్క గీత రాసి ఉంటే నాకు ఈ వెతుకులాట ఉండేది కాదు. బిర్చ్ చెక్క లోపలి గోడ మీద, స్పాంజి కప్పేసే చోట, తేదీ వేసి, ‘ట్వీటర్ మారింది. లింకు ఒక మెట్టు దింపాను. పాత టాప్ పక్కదే. వన్-నార్త్’ అని తెలుగులో రాశాను. తర్వాత విప్పేవాళ్ళకు తెలుగు రాకపోవచ్చని గుర్తొచ్చి, కింద టాపుల బొమ్మ గీసి, పాతదానికి సున్నా, కొత్తదానికి టిక్కు పెట్టి, స్పాంజి అద్ది, మరలు బిగించాను.